మట్టి యత్తరు

క్రిందటి నెల ఈ పుటలో ఊరుగాయ జాడీల సంగతి ముచ్చటించుకొంటిమి. ఉప్పు, కారము, ఆవపిండి మాటలతో ఘాటెక్కిన మన ముక్కులకు ఈ నెల కొంత చల్లఁదనము కూర్పవలెనని తలఁచి, అత్తరును గుఱించి వ్రాయఁబూనితిని. అత్తరు అనఁగానే గులాబి, మల్లె, మొగలి మీ తలఁపునకు వచ్చును. నేను చెప్పఁబోవునది పువ్వులతోఁ జేసినది కాదు, మట్టితోఁ జేసినది. తొలకరి చినుకులు పడఁగానే ఎండిన నేలనుండి లేచు కమ్మని వాసనను పట్టి సీసాలో దాఁచిన యత్తరది. హిందీవారు దీనిని ‘మిట్టీ అత్తర్’ అందురు. గులాబి యత్తరువలె దీని పేరు మన యిండ్లలో తఱచుగా వినఁబడదు. డబ్బిచ్చి మట్టిని కొనుటయా యని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినదాననే.

రెండేండ్ల క్రిందట మా పట్టణపు బజారులో ఒక దుకాణమున ఈ పేరుగల చిన్న సీసాను కొంటిని. మూఁత తీయఁగానే గుప్పున వాసన వచ్చినది. మురిసిపోయి, బేరమైనను ఆడక కొని తెచ్చితిని. ఇల్లు చేరి చేతికి రాసికొన్న యరగంటలో ఆ వాసన యెగిరిపోయి, లాంతరు తుడిచిన గుడ్డకుండు జిడ్డు వాసన మిగిలినది. సబ్బుతో రెండుమాఱులు కడిగికొన్నఁగాని మనసు కుదుటఁబడలేదు. అమ్మినవాని తప్పెంత యున్నను, నా తప్పును లేకపోలేదు. మూఁత తీసిన క్షణమును చూచి నేను సొమ్మిచ్చితిని. మనుష్యులనైనను, వస్తువులనైనను మొదటి పలుకును బట్టి తూఁచుట మనకు అలవాటైపోయినది.

క్రిందటి వేసవి సెలవులలో మావారు కాన్పూరునఁ బని చేయుచున్న మా మఱఁది యింటికిఁ బోయిరి. బడిపంతులుగారికి ఊరక కూర్చుండుట చేతఁగాదు గదా! అచ్చటినుండి రైలెక్కి కనోజు చూచి వచ్చిరి. వచ్చునపుడు నాకొక చిటికెనవ్రేలంత సీసాలో మట్టి యత్తరు తెచ్చిరి. వెనుకటి యనుభవముచేత నేను ముఖము చిట్లించుకొనియే మూఁత తీసితిని. ఈమాఱు గుప్పుమనలేదు. మణికట్టున నొక చుక్క యుంచుకొంటిని. కొత్త కుండలో మొదటిసారి నీరు పోసినప్పటి పచ్చి వాసన, దానివెంట కొంచెము కటువుగా ఏదో కాలిన వాసన తగిలినది. “ఇంతేనా?” యంటిని. మావారు నొచ్చుకొన్నట్లు కనఁబడి, బయటికి మాత్రము “కొంతసేపు ఓపిక పట్టవచ్చును గదా” యని పుస్తకము తెఱచిరి.

నేను పనిలోఁ బడి ఆ మాట మఱచితిని. బియ్యము కడిగి, ఎసరు పెట్టి, కూరగాయలు తరిగికొని వసారాలోనికి వచ్చితిని. అచ్చట మా మేనత్త దీపారాధనకు ఒత్తులు చేయుచున్నది. రోహిణి కార్తె యెండ పెటపెటలాడుచున్నది. నేను ప్రక్కఁ గూర్చుండి దూది యందుకొనఁగానే ఆమె తల యెత్తి ఆకాశమువంకఁ జూచినది.

“వాన వచ్చునట్లున్నదే, అమ్మాయీ! డాబామీఁది వడియములు తీయుము” అన్నది.

ఆకాశమున మబ్బు తునక యైనను లేదు. నేను లేచి చూచి, నవ్వి, అప్పుడు నా చేతిని ముక్కు దగ్గఱకుఁ దీసికొంటిని. కుండ వాసనయు, కాలిన కటువును ఎటు పోయినవో పోయినవి. మా పుట్టినింటి యూరి చెఱువు బీటలు వాఱి యుండఁగా, దానిపై మొదటి జల్లు పడినప్పటి వాసన నా మణికట్టుమీఁద నున్నది. ఆ తరువాత జరిగిన మాట చివరఁ జెప్పెదను. మొదట ఈ యత్తరు పుట్టు చోటును, చేయు విధమును తెలిసికొందము.

కనోజు ఉత్తర ప్రదేశమున గంగ చేరువ నున్న పాఁత పట్టణము. మన కావ్యములలోని కన్యాకుబ్జము అదియే. ఏడవ శతాబ్దమున హర్షవర్ధనునకు రాజధాని. బాణభట్టు ఆశ్రయించిన ప్రభువు ఆతఁడే. మన శ్రీనాథుఁడు ‘శృంగారనైషధము’గాఁ దెనిఁగించిన సంస్కృత నైషధమును రచించిన శ్రీహర్షుఁడు సైతము కన్యాకుబ్జ ప్రభువు చేత తాంబూలమును, ఆసనమును గౌరవముగా నందుకొంటినని తన కావ్యాంతమునఁ జెప్పుకొన్నాఁడు. రాజులును, కవులును పోయిరి. వాసన మాత్రము ఆ యూరిని విడువలేదు. అచ్చటి కుటుంబములు తరతరములుగా అత్తరుల పనినే నమ్ముకొని యున్నవి. 2014వ సంవత్సరమున కనోజు పరిమళములకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది.

అక్కడి పని తీరు మన వంటయింటివారికి తేలికగా బోధపడును. మట్టి పొయ్యిమీఁద పెద్ద రాగి డేగిసా నుంతురు. దానిని వారు ‘డేగ్’ అందురు. పువ్వులైనచోఁ బువ్వులు, మట్టియైనచో మట్టి అందులో వేసి, నీరు పోసి, మూఁత పెట్టి, ఆవిరి పోకుండ జిగురుమట్టితో సందులు మెత్తుదురు. మూఁతనుండి ఒక వెదురు గొట్టము ప్రక్కనున్న నీటి తొట్టిలోనికి దిగును. ఆ తొట్టిలో మునిఁగి పొడుగు మెడ గల రాగి పాత్ర యొకటి యుండును. దాని పేరు ‘భప్కా’. ఆ పాత్రలో ముందుగానే మంచిగంధపు నూనె పోసి యుంచుదురు. డేగిసాలోని యావిరి గొట్టము వెంట వచ్చి, చల్లని పాత్రలో నీరై, తనతోఁ దెచ్చిన పరిమళమును గంధపు నూనెకు అప్పగించును. నీరు వేఱు, నూనె వేఱు గదా! తేఱిన పిమ్మట నీటిని తీసి మరల డేగిసాలోనే పోయుదురు. ఇట్లు పలు దినములు చేయఁగాఁ జేయఁగా గంధపు నూనె పరిమళముతో నిండును. గడియారమును, ఉష్ణమాపకమును నమ్ముకొనక, పనివాఁడు పాత్రను చేతితోఁ దాఁకి, లోపలి చప్పుడు విని, మంటను హెచ్చించుచు తగ్గించుచు నుండును. అన్నము ఉడికినదని చప్పుడునుబట్టి పోల్చు మనకు ఇందు వింత లేదు.

మట్టి యత్తరుకు ఎండిన నేలలోని మట్టిని తెచ్చి, బిళ్లలుగాఁ జేసి కొంచెము కాల్చి, ఆ పెంకులనే డేగిసాలో వేయుదురు. పూర్వము తయారైన యత్తరును ఒంటె తోలుతోఁ గుట్టిన ‘కుప్పీ’ యను తిత్తిలోఁ బోసి యెండలో నుంచెడివారు. మిగిలిన తేమ తోలు గుండ బయటికిఁ బోవును. నూనె లోపల నిలుచును. ఇప్పుడా తిత్తులు అరుదైనవి.

తొలకరి వాసన యెచ్చటినుండి వచ్చుననుట పండితులకును చిక్కు ప్రశ్నయే. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దఱు దీనిని పరిశోధించి, ‘పెట్రికోర్’ అను పేరు పెట్టిరి. ఎండకాలమున చెట్లనుండి వెలువడు కొన్ని నూనెలను ఱాళ్లును, మట్టియు పీల్చికొని యుంచుననియు, తేమ తగులఁగానే విడిచిపెట్టుననియు వారు చెప్పిరి. దీనికిఁ దోడు, మట్టిలో నుండు కంటికి కనఁబడని సూక్ష్మజీవులు ‘జియోస్మిన్’ అను పదార్థమును పుట్టించును. మనుష్యుని ముక్కు దీనిని ఎంత తక్కువగా నున్నను పసిగట్టును. 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు వేగముగాఁ బనిచేయు కెమెరాలతో వాన చుక్క నేలఁబడుటను చిత్రించి చూచిరి. చుక్క క్రింద చిక్కిన గాలి బుడగలై పైకి వచ్చి పగిలి, సన్నని తుంపరలను గాలిలోనికిఁ జిమ్ముట వారికిఁ గనఁబడినది. ఆ తుంపరలే వాసనను మోసికొని వచ్చును. జడివానకంటె చిఱుజల్లుకే వాసన హెచ్చుగా లేచుటకు కారణమిదియే.

మన కాళిదాసు రఘువంశము మూఁడవ సర్గలో, గర్భవతియైన సుదక్షిణాదేవి మట్టి తినఁగా మట్టి వాసన గల ఆమె మోమును ఏకాంతమున నాఘ్రాణించి దిలీపుఁడు తృప్తి చెందఁడు. వేసవి పోవునపుడు మేఘుని చినుకులతోఁ దడిసిన యడవి మడుఁగును మూర్కొను ఏనుఁగుతో కవి ఆతనిని పోల్చినాఁడు. కనోజు పనివాఁడు సీసాలోఁ బట్టినది ఆ వాసననే.

ఇఁక చర్మముమీఁద ఈ పరిమళము మాఱు విధము. పరిమళము ఒక్క పదార్థము కాదు. అనేక పదార్థముల కూడిక. వానిలోఁ దేలికయైనవి ఒంటి వేఁడికి ముందుగా నెగిరిపోవును. బరువైనవి నిదానముగా లేచును. అందుచేతనే మొదట కుండ వాసన, కాలిన కటువు. పావుగంట దాఁటిన పిమ్మట తడిసిన నేల. రెండు గంటలకు ఆ నేల క్రిందినుండి మెల్లగా మంచిగంధము. సాయంకాలమునకు మట్టి సద్దుమణఁగి, పాలలోఁ గలిపినట్టి మెత్తని గంధము మాత్రము చర్మమునంటి నిలుచును. గంధపు నూనె బరువైనది, త్వరగా నావిరి కాదు. తాను నిలుచుటయే కాక తేలిక వాసనలను గూడ కొంతసేపు పట్టి యుంచును. ఇంటికి పెద్దదిక్కువంటి దది. మొదట కనఁబడదు, అది లేనిచోఁ దక్కినవి నిలువవు.

నేను బజారునఁ గొన్న సీసాలో లేనిది ఈ పెద్దదిక్కే. చందనపు చెట్టు చేవ పట్టుటకు ఏండ్లు పట్టును. నూనె వెల మిక్కిలి హెచ్చినది. కాఁబట్టి నేఁడు పలువురు గంధపు నూనెకు బదులు ద్రవ పారఫిన్ వంటి వాసన లేని నూనెలను వాడుచున్నారు. వెల తగ్గును, మూఁత తీసినప్పటి వాసన యొక్కటిగానే యుండును. తేడా తెలియునది గంట తరువాతనే.

కొనఁదలఁచిన సోదరీమణులకు నా యనుభవమునఁ దేలిన నాలుగు మాటలు చెప్పెదను. సీసాను మూర్కొని కొనవలదు. మణికట్టు లోపలివైపు ఒక్క చుక్క యుంచుకొని, రెండు చేతులును కలిపి రుద్దక, అట్లే యాఱనిచ్చి దుకాణమునుండి వెలుపలికి రండు. గంటయో రెండు గంటలో గడచిన పిమ్మట మీ చేయి చెప్పినదే నిజము. ఒక్కపూఁట రెండు మూఁడింటికంటె హెచ్చుగాఁ జూడవలదు. ముక్కు అలసి అన్నియు నొక్కటిగాఁ దోఁచును. మీకు వాసన తెలియుట మానినంత మాత్రమున అత్తరు ఆవిరియైనదని తలఁచి మరల మరల పూసికొనవలదు. మీ ముక్కు దానికి అలవాటు పడినది. ప్రక్కవారికిఁ దెలియుచునే యుండును. ఏ నూనెలో దింపినదో అడుగుఁడు. వెల మఱీ తక్కువయైనచో అందు గంధపు నూనె యుండదు. పట్టుచీరలకు తగులనీయవలదు, నూనె మరక పడును. సున్నితమైన చర్మము గలవారు మొదట కొంచెముగాఁ బూసి చూచుకొనవలెను. పుండ్లమీఁద, పసిబిడ్డల యొంటిమీఁద పూయరాదు. గట్టి మూఁతగల గాజు సీసాలో, వెలుతురు సోఁకని చోట నుంచినచోఁ జాలకాలము చెడకుండును.

మఱియొక సంగతి. ఒక్క సీసాలోని యత్తరే యందఱి యొంటిమీఁద నొక్కటిగా నుండదు. ఒంటి వేఁడి, చెమట, చర్మపు జిడ్డు, పొడితనము వేఱు వేఱు గదా! పొడి చర్మముమీఁద పరిమళము త్వరగాఁ దరలిపోవును. ఈ సంగతి నాకు మా మేనత్త చేతిమీఁదఁ దెలిసినది.

ఆ కథయే చెప్పెదనంటిని. నాకు అమరము వల్లె వేయించినదియు, రఘువంశము చెప్పినదియు మా మేనత్తయే. ఇరువదిరెండవ యేఁట ఆమె పసుపు కుంకుమలకు దూరమైనది. ఇప్పుడామెకు అఱువదియెనిమిది. నాఁటినుండి పువ్వు ముడువలేదు, పరిమళ మంటలేదు. ప్రతి ప్రొద్దున దేవునికి సానమీఁద గంధము తీయునది ఆమెయే. ఆ చేయి కడిగికొని కాని మఱొక పనికిఁ బోదు. నేను పుట్టిననాఁటినుండి చూచుచున్నాను. అది వారి యాచారమని యూరకుంటిని. చూచి చూచి అలవాటైన దానిని మనము ప్రశ్నింపము గదా!

ఆనాఁడు వసారాలో వాన యెక్కడినుండి వచ్చినదో చెప్పి నా చేయి చాఁపితిని. ఆమె రెండు చేతులతోఁ బట్టుకొని కన్నులు మూసి చాలసేపు మూర్కొన్నది. “దిలీపుని యేనుఁగు” అని చిన్నగా నవ్వినది. నేను లోపలికిఁ బోయి సీసా తెచ్చితిని. చూడఁగానే చేయి వెనుకకుఁ దీసికొని, “నాకెందుకే” అన్నది.

నేను ఊరకుండక నా చదువంతయు బయటఁ బెట్టితిని. “అత్తయ్యా, ఇది పువ్వు కాదు, మట్టి. తార్కికులు గంధము పృథివికే గుణమనిరి. నీటికిని, గాలికిని వాసన లేదు, నేల సోఁకుటచేతనే వచ్చుననిరి. గీత యేడవ యధ్యాయమునఁ బృథివియందలి పుణ్యగంధము తానేయని భగవానుఁడు చెప్పినాఁడు. మట్టికి దోషమేమి?” అని వాదించితిని. ఎంతో నేర్పుగాఁ జెప్పితినని లోలోన గర్వించితిని.

ఆమె ఒత్తు చేయుట మాని నా ముఖము చూచినది.

“నీకు తర్కము చెప్పినది నేనే. మట్టి కాఁబట్టి రాసికొమ్మందువు. మల్లెయైనచో రాసికొనరాదనియా? నాకు శాస్త్రము అడ్డు వచ్చినదని యెవరు చెప్పిరి? నలుబదియాఱేండ్లలో ‘నీకుఁ గావలెనా’ అని యడిగినవారు లేరు. అడుగని దానిని నేను పోయి యెట్లు తీసికొందును?”

నాకు మాట రాలేదు. నేను ఆమె కొఱకు ఆచారముతో వాదించుచున్నానని తలఁచితిని. నిజమునకు, ఆచారమునకు నొప్పి కలుగకుండ ఆమెకొక చుక్క పరిమళము ఇప్పించుటకు దొడ్డిదారి వెదకితిని. నలుబదియాఱేండ్లలో నా వంతు ముప్పది యేండ్లకుఁ బైనున్నవి. పండుగపండుగకు పూలబుట్ట ఆమె ముందునుండియే దాఁటించి పిల్లల జడలకుఁ బోయిన చేతులు నావి.

“అత్తయ్యా, నీకుఁ గావలెనా?” యని యడిగితిని.

“కొంచెము” అన్నది.

ఆమె చేతిమీఁద కుండ వాసన యెంతోసేపు నిలువలేదు. వయసు మీఱిన పొడి చర్మము. మట్టి త్వరగాఁ దరలి, గంధము త్వరగా వచ్చినది. దీపాలవేళకు వచ్చి చేయి చూపి, “ఇది నేను రోజును తీయు గంధమే కదే!” యన్నది. అవునంటిని. మఱి మాటాడక దేవుని గదిలోనికిఁ బోయినది. మఱునాఁడు ప్రొద్దున గంధము తీసిన పిమ్మట ఆమె నూతి దగ్గఱకుఁ బోయి చేయి కడిగికొనలేదు. అట్లే వచ్చి కాఫీ త్రాగినది. ఇంట నెవరును ఏమియు ననలేదు. అనవలసిన దేమున్నది?

ఇప్పుడా సీసా దేవుని గూటి ప్రక్కనున్న యలమరలో, మేమిద్దఱము అందుకొనఁగల చోట నున్నది. మొన్న శుక్రవారమున మల్లెల దండ తెచ్చి మొదట ఆమె నడిగితిని. “నాకు మల్లె మొదటినుండియు నచ్చదు, తలనొప్పి” అన్నది. వలదనుట సైతము అడిగినపుడే గదా తెలియును!

సోదరీమణులారా, మీ యింటను ఒత్తులు చేయుచు, గంధము తీయుచు, వడియములు కాచుచు నొక మూలఁ గూర్చున్న పెద్దవా రుందురు. వారికేది కావలెనో, ఏది వలదో మనమే నిశ్చయించుకొని యేండ్లు గడచియుండును. ఈ నెల అత్తరు కొనకున్నను సరియే. వారిని ఒకమాఱు అడిగి చూడుఁడు. జవాబు వెంటనే రాకున్నను విసుగుకొనక, కొంతసేపు ఓపిక పట్టుఁడు.

వచ్చు నెల వట్టివేళ్ల తడికలను గుఱించియు, వానిని బూజు పట్టకుండఁ గాపాడు విధమును గుఱించియు ముచ్చటించుకొందము.